తడి ఇసుకలో మెట్టె

క్యారీ, నార్త్ కెరొలైనా
2009 ఫిబ్రవరి 12

అక్కా,

మేమిద్దరం కులాసా. మీ మరిది ఆదివారాలు సముద్రపు ఒడ్డున లోహాన్ని పసిగట్టే మిషన్‌తో పాత నాణేలు వెతుకుతారని ఇదివరకే రాశాను. రెండేళ్లుగా సీసా మూతలే దొరుకుతున్నాయి. పాపం అనిపించి, పోయిన నెల నా ఎడమకాలి మెట్టె తీసి, ఆయన చూడకుండా తడి ఇసుకలో పూడ్చాను. తిట్టకు. దొరికితే నవ్వి, మళ్ళీ నా వేలికి తొడుగుతారనుకున్నాను. మిషన్ దాని మీదుగానే వెళ్ళింది, పట్టలేదు. తర్వాత అల వచ్చి ఆ చోటు ఎక్కడో తెలియకుండా పోయింది.

"ఉప్పు తడిలో ఇది వెండిని డిటెక్ట్ చేయదే," అన్నారు కారులో. "కొత్తది వస్తోంది, ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడుతుందట. అప్పుడు చూడు నా తడాఖా."

అది ఎప్పుడొస్తుందా అని రోజూ కంప్యూటర్‌లో చూస్తుంటారు. నేను పక్కనే కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాను. చలికి మేజోళ్ళు వేసుకుంటాను కాబట్టి ఆయనకింకా తెలియదు.

అలాంటిదే ఒక మెట్టె పంపమని అడగడానికి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇంతవరకు రాశాక వద్దనిపిస్తోంది. నీకు చెప్పగలిగింది ఆయనకు చెప్పలేనా?

బయట కారు ఆగింది. మేజోళ్ళు విప్పేశాను.

నీ చెల్లి