పాలపళ్లే కదా అన్నందుకు

గార్లదిన్నె

వదినగారికి,

నాలుగేళ్ల మనవరాలు ఆశ్రితను సెలవులకు ఉరవకొండ పంపమని మళ్లీ కబురు చేశారు. పంపను.

పోయినసారి మీ దగ్గర ఉండి వచ్చాక బిడ్డ చెనిక్కాయలు నమలలేక ఏడ్చింది. చూస్తే దవడ పళ్లు పుచ్చి ఉన్నాయి. రోజూ పడుకోబెట్టి సీసాతో చక్కెర పాలు పట్టారట. ఫోనులో అడిగితే మీరేమన్నారు? "మన నీళ్లకు అందరి పళ్లూ పచ్చగానే ఉండాయి. పాలపళ్లు ఎట్లాగూ రాలిపోయేటివే. ఏమ్మే, దానికింత రగడా?"

నీళ్లలోని ఫ్లోరైడు వల్ల వచ్చే పచ్చమచ్చ వేరు, పుచ్చు వేరు. మచ్చ బిడ్డను ఏడిపించదు. పాలపన్ను ముందే పోతే వెనక వచ్చేది వంకరగా రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. అందుకే రాత్రి అన్నం తిన్నాక కందిగింజంత పేస్టుతో నేనే తోముతున్నాను. ఆ తర్వాత తాగడానికి నీళ్లే.

"అక్క బాధపడతాది, పంపియ్యి" అన్నారు మీ తమ్ముడు. బాధపడనీ అన్నాను.

బిడ్డను చూడాలనుంటే మీరే రండి. బ్రష్షు మాత్రం తెచ్చుకోండి. రాత్రయితే ఆశ్రిత వాళ్ల తాతను కూడా పక్కన నిలబెట్టి తోమిస్తోంది. ఆయనకు అక్కనన్నా మిమ్మల్ని వదలదు.

మీ మరదలు