నా వంతు స్కాన్

అక్కయ్యకు,

నీ చెల్లెలి నమస్కారాలు. అమ్మా, నేనూ ఉన్నంతలో బాగానే ఉన్నాం. నువ్వూ, బావగారూ, బుజ్జిదీ కులాసా అని తలుస్తాను. నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాద్దామని కూర్చోవడం, కుర్చీలోనే కునుకు తీయడం, ఇదే వరస. ఏమీ అనుకోకు.

ముందు బుజ్జిదాని ప్రశ్న. ప్రోబ్ అంటే అంతరిక్షంలోకి పంపేది కదా, పిన్ని పనిచేసే ఆస్పత్రిలో దానికేం పని అని అడగమందట. నేను స్కానింగ్ చేసే ప్రోబ్ ఎక్కడికీ ఎగరదని చెప్పు. గుప్పిట్లో పడుతుంది. జెల్ రాసి ఒంటి మీద ఆనిస్తే, మన చెవికి వినపడని శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనితో తెర మీద బొమ్మ కడుతుంది. వేలికి క్లిప్పులా తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసేదీ ప్రోబే. ల్యాబ్ వాళ్లది మరీ విచిత్రం. కంటికి కనపడని చిన్న డీఎన్ఏ ముక్క. తనకు సరిపడే జత ఎక్కడుందో వెతుక్కుని దానికే అతుక్కుంటుంది, మిగతావాటి జోలికి పోదు.

అమ్మ సంగతి. రోజు విడిచి రోజు డయాలసిస్ మామూలే. వెళ్లొచ్చిన రోజు గోడవైపు తిరిగి పడుకుంటుంది. మర్నాడు లేచి నా వంటకు వంకలు పెడుతుంది. వంకలు పెట్టిన రోజు నా ప్రాణం కుదుటపడుతుంది.

నాకు రోజంతా చీకటి గదిలో ఆ తెర ముందే. భుజం పట్టేస్తోంది. బయటికొస్తే వెలుతురుకు కళ్లు మండుతాయి. నిన్న ఒక పెద్దాయన, "లోపల నా మనసేమైనా కనపడిందా తల్లీ?" అన్నాడు. "రాళ్లు కనపడ్డాయండీ" అనేశాను. నవ్వించాలని కాదు, అలసటలో నోరు జారింది. పాపం, ఆయనే నవ్వాడు.

అమ్మకు నేను కిడ్నీ ఇస్తానన్నాను కదా, ఆ పరీక్షలు ఎంతవరకు వచ్చాయని అడిగావు. ఇంతసేపూ దాటవేస్తున్నది అదే.

అమ్మ కిడ్నీల నిండా నీటితిత్తులని నీకు తెలుసు. అది తల్లి నుంచి బిడ్డకు రావడానికీ, రాకపోవడానికీ సమాన అవకాశం. అది తెలిసీ, మిషను చేతిలో ఉండీ, ఇన్నేళ్లలో ఒక్కసారీ నా ఒంటి మీద ఆనించుకోలేదు. ఇచ్చేవాళ్లకు స్కాన్ తప్పదు కదా. మా డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, నడుము పక్కన ప్రోబ్ ఆనించింది. ఏవో కబుర్లు చెబుతూ చెబుతూ ఆగిపోయింది. అక్కయ్యా, నేనూ ఎంతోమంది దగ్గర అలాగే ఆగాను.

"తెర ఇటు తిప్పండి" అన్నాను.

"తర్వాత చూద్దువుగానీలే."

"తిప్పండి మేడమ్."

రెండు కిడ్నీల్లోనూ నల్లటి బుడగలు. అమ్మవిలాగే, కాకపోతే ఇంకా చిన్నవి. ప్రస్తుతానికి కిడ్నీల పనికి ఢోకా లేదట. బీపీ మాత్ర మొదలుపెట్టారు. జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్లు నెట్టుకురావచ్చంది. ఇవ్వడానికి మాత్రం పనికిరావు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"అయితే నేనిచ్చిందే నాకు తిరిగిద్దామనుకున్నావన్నమాట" అంది. నా నడుము మీద చెయ్యి వేసింది. "నొప్పిగా ఉందా?"

"లేదమ్మా."

"నాకూ మొదట్లో ఉండేది కాదు."

నా చెయ్యి పట్టుకుంది. "పెద్దదానికి చెప్పకు. నేనిస్తానంటూ పరిగెత్తుకొస్తుంది. దాన్నయినా నిశ్చింతగా ఉండనియ్యి" అంది.

సరేనన్నాను. ఇప్పుడు మాట తప్పుతున్నాను. ఫోనులో అయితే అమ్మ పక్కనే ఉంటుంది, అందుకే ఉత్తరం. నేను నీ కిడ్నీ అడగడం లేదు, అక్కయ్యా. నువ్వు చూపించుకో, అంతే. ఒక స్కాన్, బీపీ. అందులో తేలకపోతే రక్తంతో చేసే జన్యు పరీక్ష ఉంది. భయమేస్తుంది. నాకు ఇన్నేళ్లూ వేసింది. తీరా బల్ల మీద పడుకున్నాక భయపడే ఓపిక మిగల్లేదు.

ఏం తేలినా ముందు నాకు చెప్పు. అమ్మకు మనిద్దరం కలిసి చెబుదాం. ఒక్కదాన్నే చెప్పడం ఎలా ఉంటుందో చూశాను, మళ్లీ నావల్ల కాదు.

ఇట్లు,
నీ జవాబు కోసం కాచుకుని ఉండే
నీ చెల్లాయి