సుల్తాన్ వేసుకున్న జాకెట్

ఉమ్ అల్ క్వైన్

బామ్మర్ది దేవేందర్‌కు బావ ఆశన్న రాయునది. ఇక్కడ నేను క్షేమం, నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ కుక్క సుల్తాన్ నాకంటే క్షేమం. వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు ముసఫ్ఫా లేబర్ క్యాంపంతటికీ వినిపిస్తావు గనుక, కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను.

నా మనవరాలికి పదిరోజుల్లో పేరు పెడుతున్నారు. సెలవు కాగితం మీద సంతకం అడిగితే కఫీల్, "ముందు సుల్తాన్‌ను కొండల్లోని నేషనల్ పార్కుకు తీసుకుపో, నీళ్ల దగ్గర ఫోటో తే" అన్నాడు. అంత దూరం పోతే గేటు కాడ కాపలా ఉండే అజ్మతుల్లా "కుత్తా అందర్ నహీ" అని తిప్పిపంపాడు. ఉపాయం చెప్పు.

ఇట్లు, కుక్క డ్రైవర్ ఆశన్న

తా.క. సుల్తాన్ పాస్‌పోర్టు వాడి సంచిలోనే ఉంటుంది. నాది కఫీల్ బీరువాలో.

ముసఫ్ఫా

బావకు దండాలు. ఇన్నేళ్లు గల్ఫ్‌లో ఉండి ఇది తెలియదా? సైటు గేటులో ఎవణ్ణి ఆపుతారు? సేఫ్టీ జాకెట్ లేనోణ్ణి. అది తొడిగితే ఇక మొఖం ఎవడు చూస్తాడు? సుల్తాన్‌కు తొడుగు. అడిగితే "డ్యూటీ" అను.

నీ మేలుకోరే దేవేందర్

తా.క. పోయినేడు నా టిఫిన్ డబ్బాలో రబ్బరు బల్లిని పెట్టిందెవరో నేను మరచిపోలేదు.

పార్కు గేటు బయట నుంచి

బామ్మర్దీ, కఫీల్ గోదాంలో నేను వేసుకునే జాకెట్టే సుల్తాన్‌కు తొడిగాను. లోపల ఎవరో తెల్లాయన తప్పిపోయాడట, వెతికే కుక్క కోసం చూస్తున్నారట. "డ్యూటీ" అన్నానో లేదో, అజ్మతుల్లా సుల్తాన్‌కు సలాం కొట్టి గేటు తీశాడు. వెనకే నేను అడుగేస్తే నా ఉట్టి చొక్కా చూసి చెయ్యి అడ్డం పెట్టాడు: "తుమ్హారా జాకెట్ కహాఁ?"

కుక్క లోపల, నేను బయట. వాడు రాకపోతే సెలవు కాదు, నేనే ఖలాస్.

ఇట్లు, ఎండలో నీ బావ

తా.క. వాడి గిన్నె ఎక్కడుందో ఇంట్లో రోజూ నేనే చూపిస్తాను. వాడు మనిషిని వెతుకుతాడా?

ముసఫ్ఫా

అయ్యో బావా! బల్లికి బదులుగా నవ్వులాటకు రాస్తే నిజంగానే తొడిగావా? నీ కాళ్లు మొక్కుతా, కఫీల్‌కు నా పేరు చెప్పకు.

వణుకుతూ, దేవేందర్

తా.క. ఈ ఉత్తరం చింపెయ్యి. నా ఫోన్‌లో ఉన్నదాన్ని ఎట్లా చింపాలో తెలుస్తలేదు.

ఉమ్ అల్ క్వైన్

బామ్మర్దీ, సుల్తాన్ ఆయన్ని దొరకబట్టాడు! ఆయన నీళ్ల పక్కన బండ కింద కూర్చుని కబాబ్ తింటున్నాడట. వాసనకు మనవాడు సక్కగా అక్కడికే పోయాడు. పార్కు మేనేజర్ అక్కడే సుల్తాన్ ఫోటో తీసి కఫీల్‌కు పంపాడు. ఇక వారం వారం సుల్తాన్‌ను డ్యూటీకి తెమ్మన్నాడు. కఫీల్ మురిసిపోయి సంతకం పెట్టాడు.

"నువ్వు ఊరికి పోతే సుల్తాన్‌ను ఎవడు తీసుకుపోతాడు?" అన్నాడు. "ఈ ఉపాయం చెప్పినోడు ముసఫ్ఫాలో ఉన్నడు, వారానికో రోజు సెలవు కూడా ఉంది" అన్నాను. నువ్వు వద్దన్నావని నీ పేరు మాత్రం చెప్పలేదు. ఫోన్ నంబర్ ఇచ్చాను.

రేపే విమానం. ఇట్లు, తాత ఆశన్న

తా.క. వచ్చేటప్పుడు నీ జాకెట్ తెచ్చుకో. నాది వాడు విప్పనిస్తలేడు.