తలుపుకి నూనె పొయ్యకూడదు

మోటారు వైండింగ్ షాపులో పనిచేస్తున్న, ఇరవై ఏడేళ్ళ వయసు గల, రెండు కళ్ళూ కనపడని నేను పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, కాస్త కోపంగా రాసుకున్న వీలునామా ఇది. ఫోన్ అక్షరం అక్షరం పలుకుతుంటే నేనే టైపు చేశాను. ఎల్లుండి నా గుండెకి ఆపరేషన్. డాక్టరు భయం లేదంటున్నారు. నా భయం చావు గురించి కాదు. నాకొచ్చిన కంటిజబ్బే తమ్ముడికీ వచ్చింది, పక్కచూపు అప్పుడే పోయింది. నేను పోతే మీరంతా కలిసి వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి ముద్దలు కలిపి పెడతారు. నా భయం అదీ.

1. నా స్వార్జితమైన ఒంటిగది ఇల్లు సామానుతో సహా నా తదనంతరం తమ్ముడికి సర్వహక్కులతో చెందాలి. షరతు ఒక్కటే. చూపు పూర్తిగా పోకముందే వాడు అందులో ఒంటరిగా ఉండటం మొదలుపెట్టాలి. స్టవ్ నాబ్‌ల మీద అంటించిన గట్టిచుక్కలు ఎవరూ గీకకూడదు. మంట ఎంతుందో వేలికి చెప్పేవి అవే. ఉప్పు డబ్బాకి ఒక రబ్బరు బ్యాండు, పంచదార డబ్బాకి రెండు. సర్దిపెడతామని వచ్చేవాళ్ళు గుమ్మం బయటే ఆగాలి.

2. సదరు ఇంటి తలుపుకి నూనె పొయ్యకూడదు. అమ్మా, ఇది నీకే. నేను పనికెళ్ళినప్పుడు వచ్చి, “తలుపు కిర్రోమంటోంది, పిల్లకి ఎవరున్నారు చూడ్డానికి” అంటూ బందులకి నూనె పోశావు. తలుపు ఎటు తిరిగిందో నాకు చెప్పేది ఆ కిర్రే. ఆ సాయంత్రం సగం తెరిచిన తలుపు అంచుకి నా నుదురు చిట్లింది. నువ్వు ఏడ్చావు, నేను అరిచాను. అరిచినందుకు ఇప్పుడు క్షమించమంటున్నాను. మళ్ళీ కిర్రుమనడానికి దానికి రెండు వానాకాలాలు పట్టింది. ఆ చప్పుడూ తమ్ముడి ఆస్తే.

3. మామయ్యకి నా పాత చేతికర్ర. మామయ్యా, నువ్వు రోడ్డు దాటిస్తానని నన్ను దూడని లాగినట్టు లాగితే మురుగుకాలవ మూతలో ఇరుక్కుని వంగిపోయిన కర్ర అది. నీ ప్రేమ నాకు తెలుసు, నా భుజానికి ఇంకా బాగా తెలుసు. తమ్ముడికి నీ మోచెయ్యి అందించు చాలు. వాడే పట్టుకుంటాడు.

4. నా పనిముట్లు మా మేస్త్రికి. “కళ్ళులేని పిల్ల రాగితీగ చుట్లు ఎలా లెక్కపెడుతుందయ్యా” అని ఓనరు అంటే, “కళ్ళున్నోళ్ళు లెక్కపెట్టి ఏం ఏడ్చారు? రేపట్నుంచి రా అమ్మాయ్” అన్న మనిషి. ఆ రోజు నుంచి నా దారిలో స్టూలు కూడా అడ్డం పెట్టనివ్వలేదు.

5. నా సంతకం అట్ట తమ్ముడికి. “కనపడదుగా, వేలిముద్ర వెయ్యి” అని ఒక ఆఫీసులో గుమాస్తా అన్న రోజున, మోటార్లలో పెట్టే గట్టికాగితం మధ్యలో సన్నటి సందు కోసి చేసుకున్నాను. దాని సందులో పెన్ను పెడితే గీత తప్పదు. చిన్నోడా, ఇప్పట్నుంచే అలవాటు చేసుకో.

6. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత అమ్మది. అందరికన్నా ఎక్కువ అడ్డుపడేది నువ్వే గనక. వాడింటికి వెళ్ళినప్పుడు తలుపు తట్టి బయటే నిలబడు. లోపల గిన్నె జారిపడ్డా సరే, నిలబడు. కాసేపటికి కిర్రుమంటుంది. వాడే తీస్తున్నాడన్నమాట.

తేదీ: 2025 జూన్ 11, బుధవారం.

(సంతకం. వేలిముద్ర కాదు.)

సాక్షులు:
1. ఎదురుగది కుట్టుమిషను అక్క. మొత్తం పైకి చదివి వినిపించింది, రెండుసార్లు ముక్కు చీదింది.
2. సందు చివర సైకిల్ షాపు బాబాయి. సంతకం గీత మీదే ఉందని చూసి చెప్పాడు.