వాచిన చేత్తో వచ్చిన మైలేజీ

శుక్రవారం, చిత్తూరు

కుడి చెయ్యి ఇంకా వాచే ఉండాది, అక్షరాలు వంకర పోతా ఉండాయి.

సోమవారం ఆటో స్టాండులో అందరి ముందరా మా బామ్మర్ది మునిరత్నాన్ని మూతి మీద గుద్దినాను. కింద పడినా వదల్లేదు, కడుపులో తన్నినాను. రక్తంతో పాటు ఒక పన్ను ఉమ్మినాడు.

ఇంజన్ ఆయిల్లో కలిపితే మైలేజీ పెరుగుతాదని ఒక మందు డబ్బా నాకు అమ్మింది వాడే. పోసిన మొదటి వారం లీటరుకు మూడు కిలోమీటర్లు ఎక్కువొచ్చింది. స్టాండంతా చెప్పి నేనే అందరిచేతా కొనిపించినాను. తర్వాత మళ్ళీ పాత మైలేజీకే దిగింది. అందరూ నన్ను చూసి నవ్వినారు. ఆ నవ్వుకే వాణ్ణి కొట్టినాను.

"బావా, నా బండిలో కూడా అదే పోసుకున్నా" అంటానే తన్నులు తిన్నాడు.

మర్నాడు మందు లేని మామూలు ఆయిల్ పోయించినాను. వాచిన చేత్తో యాక్సిలరేటర్ గట్టిగా తిప్పలేక ఈ నాలుగు దినాలూ మెల్లగా తోలినాను. ఈ పొద్దు ట్యాంకు నింపి చూస్తే అదే మూడు కిలోమీటర్లు ఎక్కువ.

మందు పోసిన వారం కూడా, ఎంతొస్తాదో చూద్దామని, మెల్లగానే తోలినాను కదా.

ఖాళీ డబ్బాను బండరాయితో చితక్కొట్టినాను. కోపం దిగలేదు.

నా పెండ్లాం ఉప్పు నీళ్ళు కాచి చేతికి కాపడం పెట్టింది. తన తమ్ముణ్ణి కొట్టిన చెయ్యే అది, నా మొగం మాత్రం చూడలేదు.

రేపటికి వాపు తగ్గేటట్టుండాది. తగ్గితే ఈ చెయ్యి మళ్ళీ ఏం చేస్తాదో.