అమ్మ వేసిన పాచిక

అన్నా,

బోధన్ రోడ్డు మీద చెరకు లారీ గుద్ది నువ్వు పోయి నేటికి ఏడాది. నీ స్నేహితులు ఇప్పటికీ ఆదివారాలు కంఠేశ్వర్‌లో మన ఇంటికొచ్చి ఆడుతున్నారు. ఒక్కొక్కరం ఒక్కో పాత్రగా, ఏం జరగాలో పాచిక వేసి తేల్చుకునే ఆట; నువ్వు నడిపిన ఆ రాజ్యాల కథనే ఇప్పుడు నేను నడుపుతున్నాను. అందులో నీ పేరుతో ఒక వైద్యుణ్ణి పెట్టుకున్నాం. వాడి తరఫున పాచిక మేమే వేసేవాళ్లం. అమ్మ గడప దగ్గర బీడీలు చుడుతూ, "ఇయ్యాల మావోడు ఏం జేసిండు?" అని అడిగేది.

ఇవాళ వరదలో ఆ వైద్యుడి పడవ తిరగబడింది. ఇరవై ముఖాల పాచికలో ఒకటి తప్ప ఏది పడ్డా బతుకుతాడు. ఆ ధైర్యంతోనే నరేశ్ పాచికను అమ్మ చేతిలో పెట్టాడు. "మీరే ఎయ్యుండ్రి, ఆంటీ."

అమ్మ కళ్లు మూసుకుని వేసింది.

"ఒకటి పడ్డది. మంచిదేనా?"

మంచిదేనని చెప్పమని నరేశ్ నాకు సైగ చేశాడు. చెబితే అమ్మ నమ్మేది. కానీ నువ్వు ఆట నడిపినన్నాళ్లూ, ఎవరు ఏడ్చినా, పడ్డది పడ్డట్టే అన్నావు.

"లేదమ్మా," అన్నాను. "మునిగి సచ్చిపోయిండు."

అమ్మ పాచికను తిప్పి తిప్పి అన్ని అంకెలూ చూసింది.

"గిన్ని ఉండంగ నా చేతికి గదే రావాల్నా?"

"మళ్లీ ఎయ్యుండ్రి," అన్నాడు నరేశ్. అమ్మ వేయలేదు.

అందరూ వెళ్లాక నన్నడిగింది. "జర అబద్ధం చెప్తే నీదేం పోతుండె బిడ్డా?"

అన్నా, ఏం పోయేదో నాకూ తెలియదు.