ఇరవై సిమెంటు బస్తాలు

శనివారం, రాత్రి పది

కోపం ఇంకా దిగలేదు. స్టాకులో ఇరవై సిమెంటు బస్తాలు తగ్గాయని సేటు పొద్దున దుకాణంలో అందరి ముందూ యాదమ్మను దొంగ అన్నాడు. గోడౌన్ ఊడ్చే ముసలామె. తాళంచెవి తన దగ్గర ఉన్నంత మాత్రాన యాభై కిలోల బస్తాలు కొంగులో కట్టుకుపోయిందా?

దుకాణం లెక్కలు రాసేది నేనే కాబట్టి, ఊరుకోలేక లెడ్జర్ ముందు కూర్చున్నాను. అమ్మకాల ఖాతాలో బుధవారం సిమెంటు బిల్లు ఒక్కటీ లేదు. రవాణా ఖర్చుల ఖాతాలో మాత్రం అదే రోజు లాల్‌గడి మలక్‌పేట్‌కు ట్రాలీ కిరాయి ఇచ్చినట్టు ఉంది. అమ్మకం లేకుండా బండి ఎందుకు వెళ్లినట్టు? సేటు కొత్త ఇల్లు కడుతున్నది ఆ ఊళ్లోనే.

చూపిస్తే నవ్వాడు. "నా దుకాణంల నుంచి నేను దీస్కవోతే గది గూడ రాసుడేంది?"

"రాయాలె సేటూ, మీ సొంత వాడకం ఖాతాల. రాయకనే దొంగతనం యాదమ్మ మీద వడ్డది," అన్నాను.

"సరే, రాస్కో," అని కారెక్కి కొంపల్లిలో ఇంటికి వెళ్లిపోయాడు. ఆమె వైపు చూడనైనా లేదు.

రాశాను. లెక్క సరిపోయింది. చీపురు పట్టుకుని నా పక్కనే నిలబడ్డ యాదమ్మ అడిగింది: "నేను దొంగను గానని గూడ అండ్ల రాసినవా, బిడ్డా?"